పాత సోఫాకు కొత్త ముస్తాబు: మన చేతులా, పనివారి చేతులా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను సవరణ గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం చిన్నది. అయినా గత రెండు మూడు సమావేశాల్లో టీ తాగే వేళ మనలో చాలామంది ముచ్చటించుకుంటున్న విషయమే. ఇంట్లో సోఫా కుంగిపోయింది, గుడ్డ చిరిగింది. మనమే బాగు చేసుకోవచ్చునా, లేక కుషన్ పనివారిని పిలవాలా?

మన ఇళ్లలోని సోఫాలకూ మనకూ ఇంచుమించు ఒకటే సర్వీసు. పండగ అడ్వాన్సుతోనో, జి.పి.ఎఫ్. లోనుతోనో, కొందరు గ్రాట్యుటీ అందిన నెలలోనో కొన్న టేకు సోఫాలవి. పిల్లలు వాటి మీద ఎక్కి తొక్కి పెరిగారు. ఇప్పుడా పిల్లలే ఫోను చేసి, "నాన్నగారూ, ఆ పాతది ఎవరికైనా ఇచ్చేయండి, మేం కొత్తది ఆర్డరు పెట్టి పంపిస్తాం" అంటున్నారు. వారి ప్రేమను నేను తప్పుపట్టను. కాని ఇచ్చేసేముందు, పనివాణ్ణి పిలిచేముందు, మనమే సుత్తి పట్టుకునేముందు చేయవలసిన పని ఒకటుంది. కుర్చీని తలకిందులు చేసి చూడండి.

ఇది హాస్యానికి అనడం లేదు. పైనున్న గుడ్డను చూసి నిర్ణయం చేసేవారే ఎక్కువ. గుడ్డ చెప్పేది చాలా తక్కువ, అసలు సంగతి కింద ఉంటుంది. మనవణ్ణో, పక్కింటి కుర్రాణ్ణో సాయం పిలిచి, నేల మీద దుప్పటి పరచి సోఫాను వెనక్కి వాల్చండి. ఒంటరిగా మాత్రం ఎత్తవద్దు. అడుగున పలుచటి గుడ్డ కొట్టి ఉంటే ఒక పక్క ఊడదీసి టార్చిలైటు వేయండి. నాలుగు కాళ్ల దగ్గరా జాయింట్లు కదులుతున్నాయేమో ఊపి చూడండి. చెక్క మీద గుండుసూది తలంత చిల్లులు ఉండి, నేల మీద పిండిలాంటి పొడి రాలుతూ ఉంటే పుచ్చు పట్టినట్లు లెక్క. గోడవైపు కాలి మీద మట్టి గీతలు కనిపిస్తే చెదలు. కుట్ల సందుల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. ఆ పరీక్ష అయ్యాక అడుగున ఏముందో చూడండి. నవారు పట్టీలా, ప్లైవుడ్ పలకా, పాములా మెలికలు తిరిగిన ఇనుప స్ప్రింగులా, లేక గోనెగుడ్డ మీద నిలబెట్టి పురికొసలతో కట్టిన చుట్ట స్ప్రింగులా?

టేకు గాని, మద్ది గాని, జిట్టేగి గాని అయి, జాయింట్లు గట్టిగా ఉంటే ఆ చట్రం మరో తరం పనిచేస్తుంది. దాన్ని ఇచ్చేయడం నష్టం. జాయింట్లు కదులుతుంటే ముందు వడ్రంగి రావాలి, ఆ తరువాతే కుషన్ పనివాడు. ఈ వరుస తప్పితే కొత్త గుడ్డను మళ్లీ ఊడదీయవలసి వస్తుంది. అదే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక అయి, స్క్రూలు పట్టు వదిలేసి ఉంటే, దాని మీద మంచి గుడ్డ వేయడం దండగ. అక్కడ మాత్రం పిల్లల మాటే వినండి.

చట్రం బాగుందనుకుందాం. ఇక ఎవరు చేయాలన్న ప్రశ్న. దీనికి నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే. కూర్చునే భాగం చట్రం నుంచి విడిగా చేతిలోకి వస్తుందా, రాదా? విడిగా వస్తే మనం చేసుకోవచ్చు. చట్రానికే మేకులతో బిగించి ఉంటే పనివారికి వదిలేయాలి. చేయి చాలదని కాదు, ఎందుకో తరువాత మనవి చేస్తాను.

విడిగా వచ్చేవాటిలో మొదటివి టేకు సోఫాల మీద వేసే కుషన్లు. వీటిలో ఫోము వేరు, గుడ్డ కవరు వేరు. ఫోము పాతబడితే అణిగి, పసుపెక్కి, నలిపితే పొడిగా రాలుతుంది. అలాంటిదానికి ఎంత మంచి కవరు తొడిగినా ప్రయోజనం లేదు.

ఫోము కొనేటప్పుడు దుకాణదారు "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అంటాడు. మనం తల ఊపి డబ్బిస్తాం. ఆ అంకెకు అర్థం, ఒక ఘనపు మీటరు ఫోము అన్ని కిలోలు తూగుతుందని. కాబట్టి దీన్ని నమ్మకం మీద వదలనక్కర లేదు, తక్కెడలో తేల్చుకోవచ్చు. మన సోఫాలకు సాధారణంగా ఉండే కొలత, 22 అంగుళాల చదరం, 4 అంగుళాల మందం తీసుకోండి. అది 40 డెన్సిటీ అయితే సుమారు 1 కిలో 270 గ్రాములు తూగాలి. 32 అయితే కిలోకు పదిహేను గ్రాములు ఎక్కువ. మీరు కొన్న ముక్క 750 గ్రాములే తూగితే అది 24 కంటే మించదు, ధర ఏది తీసుకున్నా సరే. మందం సరిగా ఉందో లేదో స్కేలు పెట్టి చూశాకనే తూచండి. సుద్దపొడి లాంటిది కలిపి బరువు పెంచిన ఫోము కూడా ఉంటుంది. దాన్ని వేళ్లతో గట్టిగా నలిపి, పిండిలా ఏమైనా రాలుతోందేమో చూడాలి. మరొక సంగతి: డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువకాలం మన్నుతుంది. గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. దుకాణంలో కూర్చుని చూడటానికి మొహమాటపడకండి.

గుడ్డ లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. సోఫా గుడ్డ సాధారణంగా 54 అంగుళాల పన్నాతో వస్తుంది. 22 అంగుళాల కుషన్‌కు కుట్టుకు పోను పైముక్క 23, కిందముక్క 23 అంగుళాలు. రెండూ పన్నాలో పక్కపక్కన పడతాయి. పోగా 8 అంగుళాల పట్టీ మిగులుతుంది, అది వెనుకవైపు జిప్పు పట్టీకి సరిపోతుంది. మిగతా మూడు పక్కల పట్టీలు 5 అంగుళాల వెడల్పున రెండు వరుసల్లో తీస్తే మరో 10 అంగుళాల పొడవు. మొత్తం 33 అంగుళాలు. అంటే మూడు సీట్ల సోఫా ఒకటి, ఒంటి కుర్చీలు రెండు ఉన్న సెట్టుకు కూర్చునే కుషన్లు ఐదింటికి 165 అంగుళాలు, 4 మీటర్ల 20 సెంటీమీటర్లు. నాలుగున్నర మీటర్లు కొంటే చాలు. వీపు కుషన్లకు వాటి కొలతను బట్టి ఇదే తీరున లెక్క వేసుకోండి. పెద్ద పువ్వులు, చారలు ఉన్న గుడ్డ అయితే కుషన్‌కూ కుషన్‌కూ పువ్వు కలవడానికి ఇంకొంచెం కావాలి. సాదా గుడ్డ కొంటే ఆ ఖర్చూ తప్పుతుంది, కుట్టేవారి తలనొప్పీ తప్పుతుంది. నూలు గుడ్డను కత్తిరించేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి ఫోముకు ఎక్కదు.

ఇంట్లోని కుట్టుమిషను మీద ఈ కవర్లు కుట్టుకోవచ్చు. 16వ నంబరు సూది వేయాలి. రెక్సిను మాత్రం నాలుగు మడతలు ఒకచోట కలిసినప్పుడు ఇంటి మిషను లాగలేదు. రెక్సిను కవరు కావాలంటే బయట కుట్టించడమే మంచిది.

ఇక్కడ సోదరుల దృష్టికి ఒక మనవి. "మనమే చేసుకుందాం" అని మనం ఉత్సాహంగా అనేస్తాం. కుట్టేది మాత్రం ఇంటి ఇల్లాలు. ఆవిడ కళ్లకు శుక్లాల ఆపరేషను అయిందా, మిషను తొక్కడానికి మోకాళ్లు సహకరిస్తాయా, అసలు ఆవిడకు ఇష్టమేనా అని ముందు అడగండి. పనివాడికి ఇచ్చే మజూరీ మిగిలిందని లెక్క రాసుకునేటప్పుడు ఆ శ్రమ ఎవరి ఖాతాలో పడిందో కూడా రాసుకోవాలి గదా.

విడిగా వచ్చే రెండో రకం భోజనాల బల్ల కుర్చీలు. వీటి పని నిజంగా మన చేతికి తగినది, చూడముచ్చటగా వస్తుంది. కుర్చీని తిరగేస్తే కింద నాలుగు స్క్రూలు. అవి తీస్తే సీటు పలక చేతికి వస్తుంది. ప్రతి కుర్చీ మీదా, దాని పలక మీదా ఒకే నంబరు రాసిపెట్టండి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని పలక మరొకదానికి సరిగా కూర్చోదు. పాత మేకులను నెమ్మదిగా పెరికి, పాత గుడ్డను చింపకుండా తీసి, దాన్నే కొలతగా పెట్టుకోండి. ఊడదీసేటప్పుడు ప్రతి దశలోనూ సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కర లేదు. పలక 18 అంగుళాల చదరం అయితే గుడ్డ 26 అంగుళాలు కత్తిరించాలి. పన్నాలో రెండు పడతాయి కాబట్టి ఆరు కుర్చీలకు రెండుంపావు మీటర్లు తీసుకోండి.

బిగించడంలో కిటుకు ఒక్కటే. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ పోకూడదు. ముందువైపు నడుమ ఒక పిన్ను, వెనుకవైపు గుడ్డను లాగి నడుమ ఒక పిన్ను, తరువాత ఎడమ, కుడి. అక్కడి నుంచి అటూ ఇటూ సమంగా మూలలకు జరగాలి. మూలలు చిట్టచివర. మూల దగ్గర గుడ్డను పుస్తకానికి అట్ట వేసినట్లు మడవాలి. ఇది మనలో ప్రతి ఒక్కరికీ పిల్లల బడి రోజుల నుంచి చేతనైన విద్యే. చేతితో నొక్కే స్టేప్లరు గన్ను ప్లైవుడ్‌లోకి బాగా దిగుతుంది. పాత టేకు పలకలో సగమే దిగి నిలిచిపోతే చిన్న సుత్తితో కొట్టండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో మామూలు ఇనుప పిన్నులు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు మరక గుడ్డకు ఎక్కుతుంది. తుప్పు పట్టనివి అడిగి తీసుకోవాలి.

ఒక కుర్చీ పూర్తిచేసి, వారం రోజులు దాని మీదే కూర్చుని భోంచేసి, ఆ తరువాత మిగతా ఐదూ మొదలుపెట్టండి. తొందరేముంది మనకు?

ఇక చట్రానికే బిగించిన సీట్లు, ముఖ్యంగా చుట్ట స్ప్రింగులున్నవి. ఇవి మనం ముట్టవద్దని గట్టిగా చెప్తున్నాను. ఆ స్ప్రింగులను అణచి, పురికొసతో ముందుకీ వెనక్కీ పక్కలకీ మూలలకీ కట్టి ఒక సమతూకంలో నిలబెడతారు. ఒక ముడి వదులైతే సీటు ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక ముడి తెంపినప్పుడు స్ప్రింగు ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం కూడా ఉంది. అదీగాక ఊడదీసే పనే అసలు ప్రయాస. వందలకొద్దీ తుప్పు మేకులు పెరకాలి. పాతికేళ్ల దుమ్ము లేస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదం. గుండెజబ్బుకు రక్తం పలుచన చేసే మందులు వాడేవారు మనలో చాలామందే ఉన్నారు. వారికి మేకు గీసుకుంటే రక్తం తొందరగా ఆగదు. తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షను సంగతి వైద్యుడిని అడగాలి. రెండు గంటలు నేల మీద వంగి పనిచేస్తే మర్నాడు మంచం దిగడం కష్టం. నేర్చినవాడు ఒక పూటలో చేసే పనికి మనం పది రోజులు పడితే, ఆ పది రోజులూ ముందు గదిలో నడిచే దారి ఉండదు. సామాను కాలికి తగిలి పడితే అయ్యే ఖర్చు ముందు సోఫా మజూరీ ఏపాటి?

పడటం మాట వచ్చింది గనుక, ఈ విషయం మొత్తంలో నాకు ముఖ్యమని తోచింది చెప్తాను. మనం సోఫా బాగుచేయించేది అందానికని అనుకుంటాం. మన వయసులో దాని అసలు పని మనల్ని సునాయాసంగా లేవనివ్వడం. కుంగిన సోఫాలో కూర్చుంటే మోకాళ్లు నడుముకంటే ఎత్తులోకి వస్తాయి. లేవాలంటే ముందుకు ఊగి, ఎవరి చేయో పట్టుకుని లేవాలి. మోకాలి కీలుమార్పిడి, తుంటి కీలుమార్పిడి చేయించుకున్నవారికి ఎత్తు తక్కువ సీట్లలో కూర్చోవద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. కుర్చీలోంచి లేవలేక, లేవడానికి ఎవరినో పిలవడం ఇష్టంలేక, రోజంతా మంచం మీదే గడిపే పెద్దలను నేను చూశాను.

కాబట్టి పనివాడు వచ్చేముందే ఒక కొలత తీసి కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఎక్కువగా ఆ కుర్చీలో కూర్చునే మనిషి నిటారుగా నిలబడాలి. నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా ఎంతో కొలవాలి. కూర్చున్న తరువాత, ఫోము అణిగిన తరువాత, సీటు ఎత్తు ఆ కొలతకు సమంగానో, ఒకటి రెండు అంగుళాలు ఎక్కువగానో ఉండాలి. ఖాళీ సీటు ఎత్తు కొలిచి లాభం లేదు, మెత్తటి ఫోము రెండు మూడు అంగుళాలు కిందికి దిగిపోతుంది. అడుగున 2 అంగుళాల రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు, పైన 2 అంగుళాల మంచి ఫోము వేయిస్తే అంతగా దిగదు. అలాగే సీటు లోతు. మన పాత సోఫాలు కొన్ని మరీ లోతుగా ఉంటాయి, వీపు ఆనించాలంటే కాళ్లు నేలకు అందవు. వీపు కుషను మందం పెంచి ఆ లోతు తగ్గించవచ్చు. చేతులు ఆన్చుకునే కమ్ములను మాత్రం ఎవరు చెప్పినా తీయించకండి. లేచేటప్పుడు మన బరువు మోసేవి అవే. ఎత్తు చాలకపోతే కాళ్ల కింద ఇటుకలు పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో చూస్తాం, అది జారుతుంది. వడ్రంగి చేత చెక్క దిమ్మలు స్క్రూలతో బిగించాలి.

ఈ సంగతి పనివాడికి తనంతట తెలియదు. తెల్లవారి లేస్తే అతను పెళ్లిళ్ల సోఫాలు, కొత్త కాపురాల సోఫాలు చేస్తాడు. వాటిలో మెత్తదనమే గొప్ప. మనకు కావలసింది వేరని మనమే చెప్పాలి.

ఏ గుడ్డ వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది. రెక్సిను తుడుచుకోవడానికి సులువే గాని మన ఎండాకాలంలో ఒంటికి అంటుకుంటుంది, కొన్నేళ్లకు మడతల దగ్గర పగులుతుంది. రెక్సిను అన్నది నిజానికి ఇంగ్లండులో ఒక కంపెనీ తన తోలుగుడ్డకు పెట్టుకున్న పేరు. మన ఆఫీసుల కుర్చీల ద్వారా అది తెలుగు మాటే అయిపోయింది. నా మటుకు నేను ఉతుక్కోవడానికి వీలైన నూలు కవరుకే ఓటు వేస్తాను. కాఫీ, మందు సీసా, ఒక్కొక్కప్పుడు ఇంకేదైనా ఒలికినా ఫోముకు అంటకుండా, కవరు లోపల నీరు దిగని పలుచటి గుడ్డ ఒకటి తొడిగిస్తే రోగి ఉన్న ఇంట్లో ఎంతో హాయి.

నిప్పు విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. పాత రోజుల్లో సీట్లలో కొబ్బరిపీచు, దూది ఉండేవి. ఇప్పుడు వేసే ఫోము పాలీయూరిథేన్. అది అంటుకుంటే చాలా వేగంగా మండుతుంది, పొగలో విషవాయువులు ఉంటాయి. ఇంగ్లండులోని మాంచెస్టరులో 1979లో ఒక పెద్ద దుకాణంలో ఫర్నిచరు అంతస్తు అంటుకుని పదిమంది చనిపోయారు. ఆ తరువాత అక్కడ 1988లో సోఫాల లోపలి సరుకుకూ పైగుడ్డకూ నిప్పు పరీక్షలు పెడుతూ నిబంధనలు వచ్చాయి. మన ఇళ్లలో దోమల చుట్టను సోఫా కింద పెట్టే అలవాటు ఉంది. దయచేసి మానుకోండి.

కేన్ కుర్చీల గురించి అడిగినవారున్నారు. మన ఆఫీసుల్లో ఒకప్పుడు అన్నీ అవే. గాలి ఆడుతుందని, చెమట పట్టదని గుమాస్తా నుంచి దొరగారి దాకా వాటి మీదే కూర్చున్నారు. చూపు లేనివారికి ఉపాధిగా ఈ అల్లిక నేర్పడం మన దేశంలో చాలాకాలంగా ఉంది, ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ పనికి వారినే తీసుకునేవారు. వేళ్లతో తడుముతూ ఒక్క చిల్లు తప్పకుండా వారు అల్లేవారు. ముందుకీ వెనక్కీ రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు, ఆపైన రెండు ఐమూలలు, చివర అంచు పట్టీ. ఓపిక ఉన్నవారు ఎవరైనా నేర్చుకోవచ్చు, ప్రమాదం ఏమీ లేదు, కాలక్షేపం కూడా. కాని ఒక సీటుకు రోజులు పడతాయి. సీటు తెగకుండా కుంగి మాత్రమే ఉంటే అల్లనే అక్కరలేదు. కుర్చీని తిరగేసి, గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డతో అడుగువైపు బాగా తడిపి, ఒక రాత్రంతా ఎవరూ కూర్చోకుండా ఆరనివ్వండి. ఆరేటప్పుడు కేను తనంతట బిగుస్తుంది. ప్లాస్టిక్ కేనుకు ఈ వైద్యం పనిచేయదు.

ఇక పనివారితో బేరం. ఒక మిత్రుడికి జరిగింది చెప్తాను. సోఫా సెట్టును షాపుకు తీసుకుపోయారు, "గుడ్డతో సహా ఇంత" అని ఒక అంకె చెప్పారు. తిరిగి వచ్చినప్పుడు పైన గుడ్డ మెరిసిపోతోంది. ఆరు నెలలకే సీటు కుంగితే విప్పి చూశారు. పాత ఫోము మీదనే ఒక అంగుళం కొత్త పొర అతికించి ఉంది. అడగడానికి కాగితం లేదు. అందువల్ల నా సలహా, వీలైనంతవరకు పని మన వరండాలోనే జరగాలి. పాతది మన ముందే ఊడాలి, అడుగు పట్టీలు మార్చాలా వద్దా అన్నది అప్పుడు ఇద్దరూ చూసి తేల్చుకోవాలి. ఫోము, గుడ్డ మనమే కొని, మజూరీ మాత్రం అతనికి మాట్లాడుకుంటే లెక్క స్పష్టంగా ఉంటుంది. సరుకు కూడా అతనే తెస్తానంటే, ఫోము డెన్సిటీ, మందం, గుడ్డ ఎన్ని మీటర్లు, జిప్పులు ఎన్ని, పట్టీలు కొత్తవా పాతవా అన్నవి ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. జీవితమంతా ఫైళ్లు నడిపినవాళ్లం, ఆపాటి నోటు రాయలేమా? అడ్వాన్సు సరుకు ఖర్చుకు సరిపడా ఇస్తే చాలు. మిగతాది పని పూర్తయి, మన మోకాలి కొలత సరిపోయాక ఇవ్వండి. మిగిలిన గుడ్డముక్కలు అడిగి తీసుకోండి, రేపు ఒకచోట చిరిగితే అతుకుకు పనికొస్తాయి.

దసరాకు, సంక్రాంతికి ముందు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో వారికి ఊపిరాడదు. ఆషాఢంలో పిలిస్తే నెమ్మదిగా, శ్రద్ధగా చేస్తారు, బేరం కూడా తెగుతుంది. అలాగని మరీ గీచి గీచి బేరమాడటం నాకిష్టం లేదు. అతనికి మనలాగా నెలనెలా పెన్షను రాదు. మజూరీలో తగ్గించిన డబ్బు అతను సరుకులో సరిచేసుకుంటాడు, ఆ సరుకు మీద కూర్చునేది మనం.

డబ్బు లెక్క వేసేటప్పుడు కూడా సాటిదానితోనే పోల్చాలి. పాత టేకు సోఫాకు అయ్యే ఖర్చును కొత్త టేకు సోఫా ధరతో పోల్చండి, ప్రకటనలో చూపించే పలుచటి పలకల సోఫాతో కాదు. సొంతంగా చేసుకుంటే మిగిలేది మజూరీ మాత్రమే, ఫోము ఖర్చూ గుడ్డ ఖర్చూ ఎలాగూ తప్పవు. స్టేప్లరు గన్ను, పిన్నులు, మేకులు పెరికే పనిముట్టు ఒక్క కుర్చీ కోసం కొంటే ఏమీ మిగలదు. నలుగురు సభ్యులు కలిసి కొని చేతులు మార్చుకుంటే మిగులుతుంది.

ఆ మాట మీదనే ఒక ప్రతిపాదన. మన సంఘం హాలు వెనుక గదిలో ఎనిమిది పాత కుర్చీలు పేర్చి ఉన్నాయి. నిన్న కార్యదర్శిగారూ నేనూ వాటిని తిరగేసి చూశాం. ఒకదానికి పుచ్చు పట్టింది, అది బయటికి పోవాలి. రెండింటికి జాయింట్లు కదులుతున్నాయి, వాటికి వడ్రంగిని పిలవాలి. మూడు కేన్ కుర్చీలు కుంగాయే గాని తెగలేదు, తడిగుడ్డ వైద్యం సరిపోతుంది. మిగతా రెండూ పలక సీట్లు, నాలుగేసి స్క్రూలవి. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు వీలున్నవారు రండి. స్క్రూడ్రైవరు ఉన్నవారు వెంట తెచ్చుకోండి, కళ్లజోడు మరవకండి. టీ ఖర్చు కోశాధికారిగారు భరిస్తానన్నారు.